చిత్రంలో మొగులు, మాపకంలో వాన: దక్షిణ తెలంగాణ బడుల్లో ఉపగ్రహ చిత్రాలను చదవడం నేర్పే తీరు

2024 ఆగస్టు 31 అర్ధరాత్రి వేళ బంగాళాఖాతంలోని వాయుగుండం శ్రీకాకుళం జిల్లా కళింగపట్నం సమీపంలో తీరం దాటింది. వాతావరణ పటంలో దాని కేంద్రాన్ని సూచించే గుర్తు ఉత్తరాంధ్ర కొసన ఉంది. కానీ ఆ రెండు రోజుల్లో కుంభవృష్టి కురిసి ఇళ్లూ రోడ్లూ మునిగింది విజయవాడలో, ఖమ్మంలో, సూర్యాపేట జిల్లాలోని కోదాడ, హుజూర్‌నగర్ ప్రాంతాల్లో. కళింగపట్నానికీ కోదాడకూ మధ్య నాలుగు వందల కిలోమీటర్లకు పైగా దూరం ఉంది. గుర్తు ఎక్కడ ఉందో చూసి, అది మనకు దూరమని ఊరుకున్న విద్యార్థి పటాన్ని చూసినట్టే గానీ చదివినట్టు కాదు.

రుతుపవన కాలంలో బంగాళాఖాతంలో పుట్టే వాయుగుండాలకు ఒక స్వభావం ఉంది. అవి సాధారణంగా పశ్చిమ, వాయవ్య దిశగా కదులుతాయి. వాటి సుడి పైకి పోయేకొద్దీ నైరుతి వైపు ఒరిగి ఉంటుంది. అరేబియా సముద్రం మీదుగా తేమను మోసుకొచ్చే పడమటి గాలులు, వాయుగుండం చుట్టూ తిరిగి ఉత్తరం నుంచి దిగే గాలులు ఆ నైరుతి భాగంలోనే కలుసుకుంటాయి. అలా కలిసిన గాలికి పైకి లేవడం తప్ప మరో దారి ఉండదు కాబట్టి భారీ వర్షం కేంద్రంలో గాక దానికి నైరుతిగా కురుస్తుంది. కళింగపట్నానికి నైరుతిగా రూళ్లకర్ర పెట్టి గీత గీస్తే అది కృష్ణా తీరం వైపు వస్తుంది. ఈ ఒక్క గీతను విద్యార్థి చేత గీయించగలిగితే, వాయుగుండం గురించి పుస్తకంలోని నిర్వచనం చెప్పలేని విషయం అర్థమవుతుంది.

ఉపగ్రహ చిత్రాలు ఇప్పుడు అరుదైన వస్తువులు కావు. భారత వాతావరణ శాఖ ఇన్సాట్ ఉపగ్రహాల చిత్రాలను రోజంతా అరగంటకొకటి చొప్పున అందరికీ అందుబాటులో ఉంచుతుంది. అహ్మదాబాద్‌లోని అంతరిక్ష అనువర్తనాల కేంద్రం నడిపే మోస్‌డాక్ వెబ్‌సైటులోనూ అవి దొరుకుతాయి. ఉపాధ్యాయుడి ఫోనులో, తరగతిలోని తెర మీద, లేదంటే పట్టణంలో ప్రింటు తీయించి తెచ్చిన కాగితం మీద వాటిని చూపించవచ్చు. కొరత చిత్రాలకు లేదు, వాటిని చదివే అలవాటుకు ఉంది. సాంఘిక శాస్త్ర పాఠాల్లో శీతోష్ణస్థితి గురించి, రుతుపవనాల గురించి, నెలవారీ వాననూ ఉష్ణోగ్రతనూ చూపే క్లైమోగ్రాఫుల గురించి ఉంటుంది. అవన్నీ ఏళ్ల తరబడి తీసిన సగటులు. ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాకు ఏడాదికి సగటున దాదాపు 600 మిల్లీమీటర్ల వాన అని చదివిన పిల్లవాడికి, ఈ మధ్యాహ్నం దేవరకద్ర మీద కమ్ముతున్న మొగులు కురుస్తుందా లేదా అన్న ప్రశ్నకు ఆ సగటు ఏ జవాబూ ఇవ్వదు. సగటును బోధించడం ఒక విద్య, ఈ రోజును చదవడం మరో విద్య. రెండోదానికి మన తరగతి గదుల్లో చోటు చాలా తక్కువ.

చదవడం మొదలయ్యేది చిత్రంలో తన ఊరిని తాను వెతుక్కోవడంతో. ఇన్సాట్-3డీఆర్ 2016 సెప్టెంబరులో, ఇన్సాట్-3డీఎస్ 2024 ఫిబ్రవరిలో శ్రీహరికోట నుంచి ప్రయోగించినవి. భూమధ్యరేఖ పైన సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తులో, భూమితో సమానంగా తిరుగుతూ ఉండటం వల్ల అవి ఎప్పుడూ మనవైపే చూస్తూ ఉంటాయి. షాద్‌నగర్ వద్ద ఉన్న జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రపు పెద్ద పెద్ద యాంటెన్నాల గురించి పాలమూరు పిల్లలు విని ఉంటారు కాబట్టి, ఈ చిత్రాలన్నీ అక్కడే దిగుతాయని వారు అనుకోవడం సహజం. షాద్‌నగర్ ప్రధానంగా భూమిని దగ్గరి కక్ష్యల్లో చుట్టివచ్చే ఉపగ్రహాల సమాచారాన్ని అందుకుంటుంది. ఇన్సాట్ వాతావరణ చిత్రాలను వాతావరణ శాఖ ఢిల్లీలో స్వీకరిస్తుంది. దగ్గరి కక్ష్యలో తిరిగే ఉపగ్రహం పొలం గట్లను కూడా చూపగలదు గానీ ఒకే చోటును క్షణక్షణం కనిపెట్టి ఉండలేదు. దూరాన నిలిచినది గట్లను చూడలేదు గానీ మొగులు ఎటు పోతున్నదో అరగంటకోసారి చెబుతుంది. మొదటి రోజు ఈ తేడా చెప్పి ముందుకు సాగవచ్చు.

ఊరిని గుర్తించడానికి మంచి ఆనవాళ్లు నీళ్లు. దృశ్యకాంతి చిత్రంలో, అంటే పగటి వెలుగులో తీసిన చిత్రంలో, నీరు నల్లగా కనిపిస్తుంది. మేఘాలు లేని చలికాలపు ఉదయం తీసిన చిత్రంలో శ్రీశైలం, నాగార్జునసాగర్ జలాశయాలు నల్లమల అంచున నల్లటి మరకల్లా కనిపిస్తాయి. నాగార్జునసాగర్ నిండినప్పుడు దాని నీటి వైశాల్యం 285 చదరపు కిలోమీటర్లు. దృశ్యకాంతి చిత్రంలో ఒక్కో చుక్క దాదాపు ఒక చదరపు కిలోమీటరు కాబట్టి ఆ జలాశయానికి రెండు వందలకు పైగా చుక్కలు వస్తాయి. అదే పరారుణ (ఇన్‌ఫ్రారెడ్) చిత్రంలో, అంటే వేడి, చల్లదనాలను బట్టి తీసిన చిత్రంలో, ఒక్కో చుక్క నాలుగు కిలోమీటర్ల పొడవు, నాలుగు కిలోమీటర్ల వెడల్పు. అంటే ఒక ఊరూ, దాని చెలకలూ, చెరువూ కలిసి ఒకే చుక్కలో ఇమిడిపోతాయి. తన ఊరు ఒక్క చుక్క మాత్రమేనని తెలిసిన విద్యార్థి, ఆ చిత్రం చూసి మా ఊరి ఉత్తరపు వాడలో వాన పడుతుందని రాయడు. చిత్రం ఎంత చెప్పగలదో తెలియడం, అది ఏం చెబుతున్నదో తెలియడమంత ముఖ్యం.

ఇక అసలు విషయం. ఉపగ్రహం వానను చూడదు, మేఘాన్ని చూస్తుంది. మేఘాన్ని కూడా పైనుంచి చూస్తుంది. మనం కింద నిలబడి దాని అడుగును చూస్తాం. వాన ఆ అడుగు నుంచి కురుస్తుంది. మేఘపు నెత్తిని చూసి దాని అడుగున జరిగేదాన్ని ఊహించడమే ఈ విద్య అంతా. పరారుణ చిత్రంలో తెలుపు అంటే చల్లదనం. గాలిలో పైకి పోయేకొద్దీ కిలోమీటరుకు సగటున ఆరున్నర డిగ్రీల చొప్పున ఉష్ణోగ్రత తగ్గుతుంది కాబట్టి, చల్లగా ఉన్న మేఘపు నెత్తి ఎత్తుగా ఉన్నట్టు లెక్క. నేల మీద 30 డిగ్రీలు ఉన్న రోజున ఒక మేఘం నెత్తి మైనస్ 67 డిగ్రీలు చూపిస్తే దాని ఎత్తు ఎంత అని ఎనిమిదో తరగతి విద్యార్థిని అడగవచ్చు. 97ను 6.5తో భాగిస్తే దాదాపు 15 కిలోమీటర్లు వస్తుంది. ఎత్తైన పర్వతాలు కనిపించని నేల మీద పెరిగిన పిల్లలకు ఊరి నెత్తిన పదిహేను కిలోమీటర్ల నిలువు మేఘం లేచిందన్న ఊహ లెక్క ద్వారానే అందుతుంది. గణితం పీరియడులో చేయించదగిన పని ఇది.

ఇక్కడే పిల్లలు, పెద్దలు కూడా, తరచుగా పొరపడతారు. టీవీల్లో, ఫోన్లలో కనిపించే రంగుల చిత్రాల్లో మేఘపు నెత్తి అతి చల్లగా ఉన్నచోట ఎరుపు వేస్తారు. ఎరుపు అంటే వేడి అని మనసుకు అలవాటు. ఎరుపు అంటే భారీ వర్షం అని మరో అలవాటు. రెండూ తప్పే. అక్కడ ఎరుపు చెప్పేది మేఘపు నెత్తి చల్లదనాన్ని మాత్రమే. అది ఎంత చల్లగా ఉందో పక్కనే ఉన్న రంగుల కొలబద్ద చూసి చెప్పాలి. కొలబద్ద లేని రంగుల చిత్రాన్ని తరగతిలో వాడకపోవడమే మంచిది. మొదటి నెలంతా రంగులు లేని నలుపు తెలుపు చిత్రాలతోనే చదివించి, ఆ తర్వాత రంగుల్లోకి వెళ్లడం మరింత మేలు.

దృశ్యకాంతి చిత్రాన్నీ పరారుణ చిత్రాన్నీ పక్కపక్కన పెట్టి చదివిస్తే సగం చిక్కులు విడిపోతాయి. దృశ్యకాంతి చిత్రం సూర్యకాంతిని తిప్పికొట్టే మందాన్ని చూపిస్తుంది, రాత్రి ఏమీ చూపించదు. పరారుణ చిత్రం నెత్తి చల్లదనాన్ని చూపిస్తుంది, పగలూ రాత్రీ పనిచేస్తుంది. రెండింటిలోనూ తెల్లగా మెరిసే మేఘం దళసరిదీ, ఎత్తైనదీ, కురవగలిగినదీ. పరారుణంలో తెల్లగా, దృశ్యకాంతిలో పలచగా ఉంటే అది ఎత్తున తేలే మంచు స్ఫటికాల పొర. దాని కింద ఎండ కూడా కాయవచ్చు. దృశ్యకాంతిలో తెల్లగా, పరారుణంలో బూడిద రంగుగా ఉంటే అది నేలకు దగ్గరి మబ్బు. నిన్న రాత్రి కురిసి చచ్చిన ఉరుముల మేఘం తన పైకప్పును గొడుగులా పరచిపోతుంది. తెల్లవారి చూస్తే పరారుణ చిత్రంలో జిల్లా అంతా తెల్లగా ఉంటుంది, బయట ఆకు కదలదు. చిత్రాన్ని నమ్మి వాన అని రాసిన విద్యార్థి ఆ రోజు ఓడిపోతాడు. ఆ ఓటమి పనికొచ్చేది, ఎందుకంటే తెలుపంతా వాన కాదన్న మాట దానితో మనసులో స్థిరపడుతుంది.

దీనికి వ్యతిరేకమైన పొరపాటు కూడా జరుగుతుంది. జులై, ఆగస్టుల్లో పాలమూరు మీద గంటల తరబడి తుంపర కురిపించే పల్లపు మబ్బులు పరారుణ చిత్రంలో నేలకూ తమకూ పెద్దగా తేడా లేనంత మసకగా ఉంటాయి. చిత్రం ఖాళీగా కనిపిస్తుంది, వాకిలి తడుస్తూ ఉంటుంది. పడమటి కనుమలు తేమలో పెద్ద పాలును అవతలి వైపే దింపేసుకోవడం వల్ల మహబూబ్‌నగర్, నారాయణపేట, గద్వాల ప్రాంతాలకు రుతుపవనం చేరేసరికి బలహీనపడి ఇలాంటి మబ్బులే ఎక్కువగా మిగులుతాయి. ఈ నేల మీద ఉపగ్రహ చిత్రం బోధించేవారు ఈ సంగతిని ముందే చెప్పకపోతే, పిల్లలు మొదటి వర్షాకాలంలోనే చిత్రం మీద నమ్మకం పోగొట్టుకుంటారు.

మేఘాల పేర్ల దగ్గర పాఠ్యపుస్తకాలు లాటిన్ మాటలతో మొదలుపెడతాయి. క్యుములస్, స్ట్రాటస్, సిర్రస్, నింబస్ అని పట్టిక ఇచ్చి కంఠస్థం చేయిస్తారు. కానీ ఈ ప్రాంతపు పిల్లలు బడికి వచ్చేటప్పటికే మొగుళ్ల గురించి చాలా మాటలు తెచ్చుకుంటారు. మొగులైంది అంటే ఏమిటో, ముసురు పట్టింది అంటే ఏమిటో, గాలిదుమారం ఎలా వస్తుందో, రాళ్లవాన ఏ నెలలో పడుతుందో, తుంపరకూ జల్లుకూ తేడా ఏమిటో వారికి ఎవరూ చెప్పనక్కరలేదు. ముసురు అనే మాటలో వాన ఎంతసేపు ఉంటుంది, ఎంత మెల్లగా పడుతుంది, ఎంత విస్తారంగా ఉంటుంది అన్న మూడు సంగతులూ ఇమిడి ఉన్నాయి. వాతావరణ శాస్త్రం పొర మేఘాలకు చెప్పే లక్షణాలూ అవే. కాబట్టి ముసురు పట్టిన రోజు చిత్రాన్నీ, రాళ్లవాన పడిన రోజు చిత్రాన్నీ ఇచ్చి, ఏది ఏదో పిల్లలనే చెప్పమనాలి. ఒకదానిలో అంచులు తెలియని బూడిద దుప్పటి పది జిల్లాల మీద పరుచుకొని ఉంటుంది. మరొకదానిలో అంచులు చెక్కినట్టున్న తెల్లటి ముద్ద రెండు మూడు మండలాల మేర ఉంటుంది. వారు సరిగానే చెబుతారు. లాటిన్ పేరు ఆ తర్వాత ఇచ్చినా సరిపోతుంది. తాను ఇంతకుముందే ఎరిగిన దానికి శాస్త్రం పెట్టుకున్న పేరు అది అని విద్యార్థికి అర్థమవుతుంది. తెలిసిన మాటను పక్కకు నెట్టి తెలియని మాటతో మొదలుపెట్టే బోధన పిల్లల చేతిలో ఉన్న జ్ఞానాన్ని వృథా చేస్తుంది.

ఒక్క చిత్రం ఒక్క క్షణమే. ఆరేడు చిత్రాలను వరుసగా పెట్టినప్పుడే మొగులు నడక తెలుస్తుంది. తెర లేని బడిలో ఇందుకు ట్రేసింగ్ పేపరు చాలు. గంటకొకటి చొప్పున ఆరు చిత్రాల మీద ఒకే కాగితాన్ని పెట్టి, ఒక తెల్లటి ముద్ద అంచును ఆరుసార్లు గీస్తే అది ఎటు, ఎంత వేగంగా పోతున్నదో బయటపడుతుంది. 2020 అక్టోబరు 13న కాకినాడ సమీపంలో తీరం దాటిన తీవ్ర వాయుగుండం ఈ అభ్యాసానికి చక్కగా పనికొస్తుంది. అది ఉదయం తీరం దాటి, పడమటి దిశగా తెలంగాణ మీదుగా నడిచి, ఆ రాత్రి హైదరాబాద్‌ను ముంచింది. బేగంపేటలో ఒక్క రోజులో 19 సెంటీమీటర్ల వాన నమోదైంది. ఆ రోజు చిత్రాల వరుసను ఇచ్చి, మధ్యాహ్నం వరకు మాత్రమే చూపి, రాత్రికి ఎక్కడ ఉంటుందో గీయమంటే పిల్లలు తమ చేత్తో ముందస్తు అంచనా వేసినట్టే అవుతుంది.

రుతుపవన కాలంలో మాత్రం ఈ ట్రేసింగ్ అభ్యాసం ఒక వింతను బయటపెడుతుంది. బడి ఆవరణలో నిలబడి తల ఎత్తి చూస్తే మబ్బులు పడమటి నుంచి తూర్పుకు పరుగెడుతుంటాయి. అదే సమయంలో ఉపగ్రహ చిత్రాల వరుసలో తెల్లటి పొరలు తూర్పు నుంచి పడమటికి సాగుతుంటాయి. రెండూ నిజమే. మనకు కనిపించేవి కిలోమీటరు, రెండు కిలోమీటర్ల ఎత్తున నైరుతి గాలులు తోసే పల్లపు మబ్బులు. ఉపగ్రహానికి ముందుగా కనిపించేవి పద్నాలుగు, పదిహేను కిలోమీటర్ల ఎత్తున తూర్పు నుంచి వీచే వేగవంతమైన గాలి ప్రవాహం లాక్కుపోయే మంచు పొరలు. ఉష్ణమండలపు ఈ తూర్పు జెట్ ప్రవాహాన్ని 1950లలో లోకానికి వివరించింది భారత వాతావరణ శాఖలో పనిచేసిన శాస్త్రవేత్త పి. కోటేశ్వరం. ఒకే ఊరి మీద ఒకే సమయంలో రెండు గాలులు ఎదురెదురుగా పోతున్నాయని పిల్లలు తమ కళ్లతోనూ, కాగితంతోనూ కనిపెట్టగలిగే సందర్భం ఇది. ప్రయోగశాల లేని బడిలో కూడా ఇంత మంచి ప్రయోగం సాధ్యమవుతుంది. ఇది వదులుకోదగినది కాదు.

పటాల విషయానికి వస్తే, ఒకే గాలి పీడనం ఉన్న చోట్లను కలిపే సమభార రేఖలు పిల్లలకు కష్టమనిపించేది అవి దేన్నీ పోలి ఉండవు కాబట్టి. మేఘాన్ని చూడవచ్చు, పీడనాన్ని చూడలేం. కానీ దాన్ని ఒంటితో గుర్తించే మార్గం ఒకటుంది. డచ్ శాస్త్రవేత్త బైస్ బాలెట్ 1857లో చెప్పిన సూత్రం ప్రకారం ఉత్తరార్ధగోళంలో గాలికి వీపు చూపి నిలబడితే అల్పపీడనం ఎడమ చేతి వైపు ఉంటుంది. నేల రాపిడి వల్ల గాలి కొంత దారి తప్పుతుంది కాబట్టి ఎడమ చేతిని కాస్త ముందుకు జరపాలి. జులైలో నల్లగొండ బడి మైదానంలో పడమటి గాలికి వీపు పెట్టి నిలబడితే ఎడమ చేయి ఉత్తరాన్ని, ఈశాన్యాన్ని చూపిస్తుంది. ఆ రోజు పటం తెరిస్తే ఒడిశా, ఛత్తీస్‌గఢ్ వైపు అల్పపీడన ప్రాంతం కనిపించవచ్చు. అక్టోబరు చివర, నవంబరులో ఈశాన్యపు గాలికి వీపు పెడితే ఎడమ చేయి ఆగ్నేయాన్ని, అంటే బంగాళాఖాతపు దక్షిణ భాగాన్ని చూపిస్తుంది. ముందు మైదానం, తర్వాత పటం. ఈ క్రమాన్ని తలకిందులు చేస్తే అందులోని బలం పోతుంది.

పటాల్లోని పేర్ల గురించి కూడా ఒక మాట చెప్పుకోవాలి. అల్పపీడనం, వాయుగుండం, తీవ్ర వాయుగుండం, తుపాను అన్న మెట్లను వాతావరణ శాఖ గాలి వేగాన్ని బట్టి నిర్ణయిస్తుంది. గంటకు 31 నుంచి 49 కిలోమీటర్ల గాలి ఉంటే వాయుగుండం, 50 నుంచి 61 వరకు తీవ్ర వాయుగుండం, 62 నుంచి తుపాను. ఆ మెట్లలో వాన ప్రస్తావన లేదు. 2024లో కోదాడను ముంచింది తుపాను కాదు, వాయుగుండం. 2020లో హైదరాబాద్‌ను ముంచినది తీరం దాటేటప్పటికి తీవ్ర వాయుగుండం, తుపాను కాదు. తీరానికి దూరంగా ఉన్న నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలకు గాలి కంటే నీటితోనే ముప్పు ఎక్కువ కాబట్టి, తుపాను కాదు కదా అని తేలిగ్గా తీసుకునే అలవాటును తరగతి గదిలోనే మాన్పించాలి.

రాడార్ చిత్రం ఉపగ్రహ చిత్రానికి జతగా వాడదగినది, ఎందుకంటే అది మేఘపు నెత్తిని గాక లోపలి నీటి బిందువులను పట్టుకుంటుంది. హైదరాబాద్‌లోని డాప్లర్ రాడార్‌కు నల్లగొండ, మహబూబ్‌నగర్ పట్టణాలు రెండూ సుమారు వంద కిలోమీటర్ల లోపే ఉన్నాయి. అయితే భూమి వంపు వల్ల, కిరణాన్ని కాస్త పైకెత్తి పంపడం వల్ల అంత దూరంలో ఆ కిరణం నేల నుంచి దాదాపు కిలోమీటరున్నర ఎత్తున పోతుంది. ఏప్రిల్ ఎండల్లో ఆ ఎత్తున చినుకులు ఉన్నా, కిందికి దిగేలోపు పొడి గాలిలో ఆవిరైపోవచ్చు. రాడార్ వాన అన్నది, మా ఊళ్లో చినుకు లేదు అని పిల్లలు ఫిర్యాదు చేసినప్పుడు జవాబు అదే.

ఏప్రిల్, మే నెలల ఉరుముల వానలే ఈ విద్యకు అసలు పరీక్ష. విదర్భ నుంచి తమిళనాడు వరకు తెలంగాణ మీదుగా ద్రోణి (అల్పపీడనపు పొడవాటి పట్టీ) కొనసాగుతోందని బులెటిన్ చెప్పిన రోజున, ఉదయం చిత్రంలో ఏమీ ఉండకపోవచ్చు. మధ్యాహ్నం రెండు గంటలకు నల్లటి నేల మీద నువ్వు గింజంత తెల్లని చుక్కలు పుడతాయి. నాలుగింటికి వాటిలో ఒకటి మండలమంత ముద్ద అవుతుంది. మామిడి తోటలను రాల్చేదీ, కొనుగోలు కేంద్రాల్లో రాశులు పోసిన ధాన్యాన్ని తడిపేదీ ఆ ముద్దే. ఉదయం చిత్రంతో దాని చోటును ఎవరూ చెప్పలేరు, అరగంట చిత్రాలతో రెండు గంటల ముందు మాత్రం కొంత పసిగట్టవచ్చు. ఇక్కడ చిత్రాన్ని మించి ప్రాణానికి అక్కరకొచ్చే లెక్క ఒకటుంది. మెరుపు కనిపించిన తర్వాత ఉరుము వినిపించేదాకా అంకెలు లెక్కపెట్టాలి. శబ్దం కిలోమీటరు దూరానికి దాదాపు మూడు సెకన్లు తీసుకుంటుంది. ముప్పై సెకన్ల లోపు ఉరిమితే పిడుగు పది కిలోమీటర్ల లోపే ఉన్నట్టు. వెంటనే చెట్టు కింద నుంచీ, పొలంలో నుంచీ పక్కా ఇంట్లోకి పోవాలి, చివరి ఉరుము విన్నాక అరగంట ఆగి గానీ బయటికి రాకూడదు. పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ రూపొందించిన దామిని యాప్ చుట్టుపక్కల పిడుగులను చూపిస్తుంది. వాతావరణ శాఖ నారింజ, ఎరుపు హెచ్చరికలు ఇచ్చిన రోజుల్లో తరగతి అంచనాలను పక్కనపెట్టి ఆ హెచ్చరికనే చదివి, దాన్నే పిల్లలతో ఇంటికి పంపాలి. అభ్యాసం అభ్యాసమే, హెచ్చరిక హెచ్చరికే.

చలికాలపు పొగమంచు పాఠం చిన్నది. హైదరాబాద్, విజయవాడ రహదారి మీద తెల్లవారుజామున కమ్మే మంచు, నేలంత ఉష్ణోగ్రతలోనే ఉంటుంది కాబట్టి మామూలు పరారుణ చిత్రంలో దాదాపు కనిపించదు. పొద్దెక్కాక దృశ్యకాంతి చిత్రంలో నున్నగా, తెల్లగా కనిపించి కదలకుండా కరిగిపోతుంది. కదిలేది మబ్బు, ఉన్నచోటే అంచుల నుంచి కరిగేది మంచు అన్న ఒక్క సూత్రం గుర్తుంటే చాలు.

చిత్రం చదివాక చేయాల్సిన పని, చదివినదాన్ని రాసి సరిచూసుకోవడం. ఇది లేకపోతే ఉపగ్రహ చిత్రం గోడ మీది క్యాలెండరు బొమ్మతో సమానం. ప్రతి బడికీ ఒక వర్షమాపకం కావాలి. కొనలేని చోట ప్లాస్టిక్ సీసాను నిలువుగా ఉండే భాగం వద్ద కోసి, పైభాగాన్ని గరాటులా తలకిందులు చేసి పెట్టవచ్చు. సీసా అడుగు సమంగా ఉండదు కాబట్టి గులకరాళ్లు వేసి, గీత వరకు నీళ్లు పోసి, అక్కడి నుంచి మిల్లీమీటర్లు లెక్కించాలి. చుట్టూ ఉన్న గోడ, చెట్టు ఎంత ఎత్తుంటే దానికి కనీసం రెట్టింపు దూరంలో దాన్ని పెట్టాలి. వాతావరణ శాఖ వానను కొలిచేది ఉదయం 8:30కి. అది ప్రపంచ సమయం (యూటీసీ) ప్రకారం 03:00 గంటలు. చిత్రాల మీద తరచుగా ప్రపంచ సమయమే ఉంటుంది కాబట్టి దానికి ఐదున్నర గంటలు కలపడం పిల్లలకు మొదటి వారంలోనే అలవాటు చేయాలి. బడి గంట కొట్టే ముందే కొలిచి రాస్తే, మండలంలోని స్వయంచాలక వాతావరణ కేంద్రం లెక్కతో పోల్చి చూసుకోవచ్చు. రాష్ట్రంలో అలాంటి కేంద్రాలు వెయ్యికి పైగా ఉన్నాయి. మండల కేంద్రంలో 40 మిల్లీమీటర్లు, బడిలో సున్నా వచ్చిన రోజు కూడా ఉంటుంది. అది కొలతలో తప్పు కానక్కరలేదు.

అంచనా రాయడంలో మాట ఖచ్చితంగా ఉండాలి. వాన రావచ్చు అని రాయడం అంచనా కాదు, ఎందుకంటే అది ఎప్పటికీ తప్పు కాదు. రేపు ఉదయం 8:30 లోపు మా మాపకంలో రెండున్నర మిల్లీమీటర్లు లేదా అంతకు మించి పడుతుంది, లేదా పడదు అని రాయాలి. వాతావరణ శాఖ వర్షపు రోజుగా లెక్కించేది ఆ రెండున్నర మిల్లీమీటర్లనే. 64.5 మిల్లీమీటర్ల నుంచి భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ, 204.5 నుంచి అత్యంత భారీ. ఈ అంకెలు తెలిసిన విద్యార్థికి బులెటిన్‌లోని భారీ అన్న మాట వట్టి విశేషణంగా మిగలదు. అక్కడక్కడ అన్న మాటకు కూడా కొలత ఉంది. ఆ ప్రాంతంలోని కేంద్రాల్లో నాలుగోవంతుకు మించకుండా వాన పడుతుందని దాని అర్థం. అక్కడక్కడ వానలు అని చెప్పిన రోజు మన ఊళ్లో పడకపోతే అంచనా తప్పినట్టు కాదని అప్పుడు అర్థమవుతుంది.

సరిచూసుకునేటప్పుడు ఎన్ని ఒప్పులు అని మాత్రమే లెక్కపెట్టడంలో ఒక మోసం దాగి ఉంది. ఏప్రిల్‌లో మూడు రోజులే వాన పడిందనుకుంటే, చిత్రం వైపు కన్నెత్తి చూడకుండా రోజూ పడదు అని రాసిన విద్యార్థికి 30కి 27 మార్కులు వస్తాయి. శ్రద్ధగా చిత్రం చదివి, ఐదు రోజులు పడుతుందని రాసి, అందులో రెండు సరిగా పట్టుకున్న విద్యార్థికి 26 వస్తాయి. కానీ చదివింది రెండో విద్యార్థే. అందుకే నోటుబుక్కులో నాలుగు గళ్లు గీయాలి: పడుతుందని రాస్తే పడినవి, పడుతుందని రాస్తే పడనివి, పడదని రాస్తే పడినవి, పడదని రాస్తే పడనివి. నెలాఖరున రెండో గడినీ మూడో గడినీ తీసి, ఆ రోజుల చిత్రాలను మళ్లీ తెరిచి, ఎక్కడ పొరపడ్డామో తరగతి అంతా కలిసి వెతకాలి. ఈ బోధన అంతటిలోకీ విలువైన గంట అదే. మార్కులు వేయాల్సి వస్తే, తప్పు ఎందుకు జరిగిందో రాసిన వివరణకే వేయాలి.

ఈ నోటుబుక్కుకు ఇంటి దగ్గర కూడా పని ఉంది. మిరుగం (మృగశిర కార్తె) రాగానే మొదటి వానకే పత్తి గింజలు పెట్టి, ఆ తర్వాత వానలు ఆగి వరుపు వచ్చి మొలకలు మాడి, మళ్లీ విత్తనాలు కొనడం ఈ జిల్లాల రైతులకు కొత్త కాదు. నేలను బట్టి 50 నుంచి 75 మిల్లీమీటర్ల దాకా వాన కురిశాకే పత్తి విత్తమని వ్యవసాయ నిపుణులు చెబుతారు. మంచి పదును అని కంటితో చూసి చెప్పేది చెలకలో ఒకలా, నల్లరేగడిలో ఒకలా ఉంటుంది. మాపకంలోని అంకె మాత్రం ఒక్కటే. ఒక మిల్లీమీటరు వాన ఎకరానికి దాదాపు నాలుగు వేల లీటర్లు. జూన్ మొదటి రోజు నుంచి కూడుకుంటూ వచ్చిన మొత్తం బడి గోడ మీద రాసి ఉంటే, విత్తాలా ఆగాలా అని ఇంట్లో మాట వచ్చినప్పుడు తొమ్మిదో తరగతి పిల్ల ఒక అంకె చెప్పగలదు.

అదే నోటుబుక్కులో ఇంటి పెద్దల మాటలకూ ఒక వరుస ఉంచడం అవసరం. దూరపు గుడి దగ్గర వాన, దగ్గరి గుడి దూరపు వాన అని చంద్రుడి చుట్టూ కట్టే వలయం గురించి పల్లెల్లో చెప్పుకుంటారు. పెద్ద వలయం ఎత్తున ఉండే మంచు స్ఫటికాల పలుచని పొర వల్ల ఏర్పడుతుంది. అల్పపీడనం కదలి వస్తున్నప్పుడు దానికంటే ముందు అలాంటి పొరలు పరుచుకోవడం ఉన్నదే. చిన్న వలయం నీటి బిందువులతో కూడిన పలుచని మబ్బు వల్ల ఏర్పడేది, దాని పుట్టుక వేరు. వలయం కనిపించిన రాత్రి, అదే గంటకు తీసిన పరారుణ చిత్రాన్ని విద్యార్థి చూడాలి. గుడి పెద్దదా చిన్నదా, చిత్రంలో నెత్తిన తెల్లని పొర ఉందా లేదా, బంగాళాఖాతంలో ఏముంది, ఆ తర్వాతి రెండు ఉదయాల్లో మాపకంలో ఎంత నీరు ఉంది అన్నవి ఒకే వరుసలో రాసుకోవాలి. ఒక వర్షాకాలంలో అలాంటి వరుసలు నాలుగైదు మించి రాకపోవచ్చు. పుస్తకాన్ని కింది తరగతికి అప్పగిస్తే, వచ్చే ఏడాది వారు అదే పట్టికను అక్కడి నుంచి కొనసాగిస్తారు.